అమ్మేవాడికి రుచి తెలియాలి

ఆత్మకూరులో తేనె కొనడానికి వచ్చినవాళ్లు ధర అడిగేముందే ఇంకొకటి అడుగుతారు. "ఏమప్పా, అసలుదేనా?" అంగట్లో నిలబడ్డ కుర్రాడు వెంటనే అంటాడు: "గ్యారంటీ సార్, నల్లమల తేనె." ఆ మాట అతనిది కాదు. యజమాని చెప్పమన్నది చెప్పాడు. ఆ సీసాలోని తేనెను అతను ఒక్కసారైనా నాలుక మీద వేసుకున్నాడా అంటే, చాలా అంగళ్లలో లేదనే చెప్పాలి. సరుకు ముట్టుకుంటే యజమాని ఏమంటాడో అని భయం. యజమానికేమో, పనివాళ్లను సరుకు తిననిస్తే అలవాటైపోతుందని భయం. ఈ రెండు భయాల మధ్య, తాను ఎరగని వస్తువు గురించి రోజంతా మాట్లాడే ఉద్యోగం ఆ కుర్రాడిది.

కొనేవాడికి ఇది తెలిసిపోతుంది. మాటలో పట్టు లేకపోతే ఎదుటివాడు పసిగడతాడు. అప్పుడిక మిగిలేది బేరమే. సరుకు మీద నమ్మకం కుదరని మనిషి ధర మీద పడతాడు.

మాటలో పట్టు రావడానికి అద్దం ముందు నిలబడి సాధన చేయమని చాలా పుస్తకాలు చెబుతాయి. అంగట్లో పనిచేసేవాళ్లకు దానికంటే మంచి దారి ఉంది. మీరు అమ్మేదాన్ని వారానికొకసారి, తోటి పనివాళ్లతో కలిసి, పద్ధతిగా రుచి చూడండి. ఈ అధ్యాయమంతా ఆ పద్ధతి గురించే. దాన్ని నేర్చుకోవాల్సింది యూరప్ వైన్ వర్తకుల దగ్గర.

వైన్ వర్తకులు ఏం చేస్తారు

ముందు ఒక మాట. మన దగ్గర వైన్ షాపు అంటే బ్రాందీ, విస్కీ దొరికే చోటు. తాగుడు వల్ల ఎన్ని ఇళ్లు చితికిపోయాయో ఈ రాష్ట్రానికి బాగా తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా ఉద్యమం ఊరూరా పాకి, 1993లో సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధానికీ దారి తీసింది. 1997లో నిషేధం సడలినా ఆ ఉద్యమం చెప్పిన నిజం సడలలేదు. వైన్ వర్తకుల దగ్గర నుంచి మనం తెచ్చుకోవాల్సింది సీసా కాదు, సీసా పక్కన వాళ్లు పెట్టుకునే ఉమ్మితొట్టి. వాళ్లు రుచి చూస్తారు, మింగరు. పొద్దున్నే ఇరవై ముప్ఫై రకాలు చూసి, ఆ తరువాత రోజంతా లెక్కలు రాసుకోవాల్సినవాళ్లు మింగితే పని జరగదు.

ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌ల నుంచి వైన్ దిగుమతి చేసుకునే మంచి సంస్థల్లో కొత్త సరుకు వస్తే పనివాళ్లంతా బల్ల చుట్టూ చేరతారు. కౌంటరులో నిలబడేవాళ్లతో పాటు చాలాచోట్ల గోదాములో పనిచేసేవాళ్లను, లెక్కలు రాసేవాళ్లను కూడా పిలుస్తారు. గ్లాసులో మూడో వంతే పోస్తారు. తెల్ల కాగితం మీద పెట్టి రంగు చూస్తారు, గ్లాసు తిప్పి వాసన చూస్తారు, ఒక గుక్క నోట్లోకి తీసుకుని నోరంతా తిప్పి ఉమ్మేస్తారు. తోచింది ఎవరికి వాళ్లు రాసుకుంటారు. అప్పటిదాకా ఎవరూ మాట్లాడరు. సీసా పేరు కనబడకుండా గుడ్డ చుట్టి ఉంచడం కూడా మామూలే. తరువాత గుడ్డ తీసి, రాసుకున్నవి చదువుతారు.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, వాళ్లు అమ్మేది మూత బిగించిన సీసా. కొనేవాడు అంగట్లో మూత తీసి చూడలేడు. అతనికి ఆధారం రెండే: సీసా మీది అట్ట, అమ్మేవాడి మాట. తేనె సీసా అయినా, కుట్టేసిన బియ్యం మూట అయినా ఇంతే కదా.

ఈ పనికి అక్కడ చదువులు కూడా ఉన్నాయి. వైన్ వర్తకంలో ఉన్నవాళ్లకు పాఠాలు చెప్పి పరీక్షలు పెట్టడానికే 1969లో లండన్‌లో ఒక ట్రస్టు మొదలైంది. అంతకుముందే, 1953లో మాస్టర్ ఆఫ్ వైన్ పరీక్ష వచ్చింది. పేర్లు చెప్పకుండా ముందుపెట్టిన గ్లాసులను రుచి చూసి అవేమిటో, ఎక్కడివో రాయడం ఆ పరీక్షలో ముఖ్య భాగం. మన దేశం నుంచి సోనాల్ హాలండ్ 2016లో ఆ పట్టా అందుకున్న మొదటి వ్యక్తి అయ్యారు.

పనిచేసేవాళ్ల నాలుకకు ఎంత విలువ ఉందో చెప్పే సంగతి ఒకటి ఉంది. స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషువాడు పారిస్‌లో వైన్ అంగడి నడుపుతూ, 1973లో వైన్ రుచి నేర్పే బడి కూడా తెరిచాడు. ఆ బడిలో పాట్రీషియా గాలగర్ అనే అమెరికన్ యువతి పనిచేసేది. 1975లో ఆమె కాలిఫోర్నియా వెళ్లి, అక్కడి వైన్‌లు రుచి చూసి, వీటిని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పింది. స్పరియర్ ఆ మాట కొట్టిపారేయలేదు. తానూ వెళ్లి చూశాడు. 1976 మే 24న పారిస్‌లో తొమ్మిదిమంది ఫ్రెంచి నిపుణులను కూర్చోబెట్టి, పేర్లు దాచి, ఫ్రెంచి వైన్‌లను, కాలిఫోర్నియా వైన్‌లను కలిపి ఇచ్చాడు. తెల్లవాటిలోనూ, ఎర్రవాటిలోనూ మొదటి స్థానం కాలిఫోర్నియాకే వచ్చింది. అట్ట చూసి ఉంటే ఆ తీర్పు వచ్చేది కాదు. ఉద్యోగి మాటను యజమాని పెడచెవిన పెట్టి ఉంటే అసలు ఆ పోటీయే జరిగేది కాదు.

కన్ను నాలుకను మోసం చేస్తుందని చూపిన పరీక్ష ఇంకొకటి. ఫ్రాన్స్‌లోని బోర్దో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసనలేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. అది తెలియక వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. 2001లో ప్రచురించిన అధ్యయనం ఇది. చదువుకున్నవాళ్లకే అలా జరిగితే, ముదురు రంగు తేనె చూడగానే "ఇది చిక్కటి అడవి తేనె" అనే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

మన బల్ల మీద ఏం పెట్టాలి

తేనెతో మొదలుపెట్టండి. ఆత్మకూరు దాటి దోర్నాల దారిలో ఘాటు ఎక్కితే అంతా నల్లమల. అడవిలోని గూడేల్లో చెంచులు తరతరాలుగా తేనె తీస్తున్నారు. కొండచరియలకూ, పెద్ద చెట్ల కొమ్మలకూ వేలాడే పెద్ద పట్టు ఒకటి. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో దొరికే పుట్టతేనె ఒకటి. పొదల్లో సన్నటి పుల్లకు కట్టిన చిన్న పట్టు నుంచి వచ్చే పుల్లతేనె ఇంకొకటి. వీటిని ఒకేలా "అడవి తేనె" అని అమ్మడం ఆ సరుకుకే అన్యాయం. తేనెటీగ వేరు, పట్టిన పూత వేరు, తీసిన కాలం వేరు. నేరేడు పూత మీద వచ్చిన తేనె రంగు ముదురుగా ఉండి చివర కాస్త వగరు తగులుతుంది. ఈ తేడా చెప్పగలిగిన కుర్రాడికీ, "గ్యారంటీ సార్" అనే కుర్రాడికీ పోలికే లేదు.

మూడు గిన్నెలు చాలు. ఒకదాంట్లో గూడెం నుంచి వచ్చిన తేనె, ఒకదాంట్లో గిరిజన సహకార సంస్థ సీసాలోది, మూడోదాంట్లో పేరున్న కంపెనీది. 1, 2, 3 అని గిన్నె అడుగున సుద్దతో రాసి, ఏది ఏదో ఒక్కరికే తెలిసేలా ఉంచండి. రంగు చూసి మోసపోకుండా, చెంచా నోట్లో పెట్టుకునేటప్పుడు కళ్లు మూసుకోండి. ముందు వాసన. పొగ తగులుతుందా? పట్టు దగ్గర పొగ పెట్టి తీసిన తేనెకు ఆ వాసన కొంచెం అంటుకోవచ్చు. పులిసిన వాసన వస్తే అది వేరే కథ. నీటి శాతం ఎక్కువున్న తేనె పులుస్తుంది, పైన నురగ కడుతుంది, మూత తీస్తే బుస్సుమంటుంది. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం తేనెలో నీరు 20 శాతం మించకూడదు. పట్టును చేత్తో పిండి, వడకట్టకుండా సీసాల్లో పోసినదాంట్లో ఈ ఇబ్బంది త్వరగా వస్తుంది. ఇలాంటి సీసా అంగట్లో ఉందని యజమానికి మొట్టమొదట తెలియాల్సింది కొన్నవాడు తిరిగొచ్చినప్పుడు కాదు, ఈ బల్ల దగ్గరే.

అయితే నాలుకకు హద్దు ఉంది. కల్తీని నాలుక పూర్తిగా పట్టలేదు. నీళ్లలో వేసి చూడటం, అగ్గిపుల్లకు రాసి వెలిగించడం, బొటనవేలి మీద చుక్క వేయడం, ఇవేవీ నమ్మదగిన పరీక్షలు కావు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్, మామూలు ల్యాబ్ పరీక్షలను కూడా దాటిపోయేలా తయారుచేసిన చక్కెర పాకాలు తేనెలో కలుస్తున్నాయని బయటపెట్టింది. కాబట్టి "నేను రుచి చూశాను, కల్తీ లేదు" అని ఎప్పుడూ అనకండి. "ఇది ఫలానా చోటి నుంచి వచ్చింది, ఫలానా నెలలో తీసింది, రుచి ఇలా ఉంటుంది" అనండి. ఇందులో ప్రతి ముక్కకూ మీరు పూచీ పడగలరు.

రుచి చూసే అలవాటు అంగట్లో ఎలా అక్కరకొస్తుందో చూడండి. చలికాలంలో ఒకాయన సీసా తెచ్చి బల్ల మీద పెడతాడు. అడుగున తెల్లగా, రవ్వరవ్వగా పేరుకుని ఉంది.

"చక్కెర కలిపి అమ్మినావు గదప్పా?"

తేనె ఎరగనివాడు ఇక్కడ తడబడతాడు, లేదా గొంతు పెంచుతాడు. ఎరిగినవాడు ఇలా అంటాడు: "కూర్చోండి పెద్దాయనా. చలికి తేనె గడ్డకడతాది. దాంట్లోని గ్లూకోజు పలుకులు పలుకులుగా పేరుకుంటాది. గడ్డకట్టినంత మాత్రాన కల్తీ అని గానీ, గడ్డకట్టకపోతే అసలుదని గానీ చెప్పలేము. గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే కరుగుతాది, పొయ్యి మీద మాత్రం పెట్టొద్దండి. మేము పోయిన వారం ఇదే తేనె గడ్డగా ఉన్నదీ, కరిగించిందీ రెండూ తిని చూసినాము. ఈ చెంచా మీరూ నాలుకకేసుకోండి." ఆ పెద్దాయన ఇంకో సీసా కొన్నా కొనకపోయినా, చక్కెర మాట మళ్లీ ఎత్తడు.

ఏడాది నిండని బిడ్డకు నాకించడానికి ఒక తల్లి తేనె అడిగితే, ఇవ్వవద్దనే చెప్పాలి. పసిబిడ్డలకు తేనె ప్రమాదం, అందులోని ఒక రకం సూక్ష్మజీవి వాళ్ల పేగుల్లో విషం పుట్టించగలదు. నిలబడి అంత మాట చెప్పి ఒక అమ్మకం వదులుకున్న అంగడికి ఆ తల్లి మళ్లీ వస్తుంది.

బియ్యం, కొర్రలు

తేనె తరువాత బియ్యం. కర్నూలు సోనా, నంద్యాల సోనా అని అడిగి కొనేవాళ్లున్న సీమ ఇది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి, అదే రైతులు బీపీటీ అనే 5204, ఇక్కడి పొలాల్లో, ఇక్కడి నాలుకల మీద స్థిరపడిపోయింది. కొనేవాళ్లు అడిగేవి రెండే: "ఎన్ని నెలల బియ్యం?", "ముద్దవుతుందా?" వీటికి జవాబు మూట మీద ఉండదు. కొత్తవి, ఆరు నెలలవి, ఏడాది పాతవి మూడు గిన్నెల్లో ఒకే కొలతతో వండండి. పాతవాటికి ఎసరు ఎక్కువ పడుతుంది, అన్నం ఎక్కువ సాగుతుంది, మెతుకు మెతుకు విడిపోతుంది. కొత్తవి మెత్తగా అంటుకుంటాయి. ఉప్పు, కూర లేకుండా ఒకసారి వేడిగా తినండి. రెండు గంటల తరువాత చల్లారినది మళ్లీ తినండి. బడికి, పొలానికి క్యారేజీ కట్టే ఇల్లాలికి కావాల్సింది ఈ రెండో రుచే. "అక్కా, ఈ రకం మధ్యాహ్నానికి కూడా గట్టిపడదు, మేము తిని చూసినాము" అన్న మాటకు ఉన్న బరువు కేజీకి రెండు రూపాయల తగ్గింపుకు లేదు.

ఇప్పుడు కొర్రల బేరం పెరిగింది. ఒకప్పుడు సీమలో పేదల ముద్ద అయిన ఈ ధాన్యం ఇప్పుడు డాక్టరు చీటీ పట్టుకుని వచ్చేవాళ్ల సరుకైంది. 1906 నుంచి నడుస్తున్న నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది, రేనాడు వంటి కొర్ర రకాలను అందించింది. అంటే మంచి కొర్ర మన పక్కనే పుడుతోంది. అయినా అమ్మే కుర్రాళ్లలో కొర్రన్నం తిననివాళ్లు ఉన్నారు. వాళ్లు "షుగరు తగ్గిపోతుంది సార్" అనేస్తారు. ఇది తప్పు. జబ్బు తగ్గుతుందని మాట ఇచ్చే హక్కు అంగడికి లేదు. వండి తిన్నవాడు చెప్పాల్సింది వేరే ఉంది: ముందు నానబెట్టాలి, లేకపోతే గింజ పలుకుగా మిగులుతుంది, వేడిమీద తింటే కమ్మగా ఉంటుంది, చల్లారితే గట్టిపడుతుంది, పప్పుతోనో చారుతోనో మొదలుపెడితే ఇంట్లో పిల్లలు కూడా తింటారు. ఇది విన్నవాడు ఇంటికెళ్లి సరిగా వండుకుంటాడు, రెండోసారి వస్తాడు.

కూర్చునే తీరు

అంగడి తెరిచేముందు అరగంట మంచి సమయం. అయితే అగరుబత్తి, సాంబ్రాణి ఆ అరగంట తరువాతే వెలిగించండి. ఆ పొగలో తేనె వాసన కాదు కదా, మిరపకాయ వాసన కూడా తెలియదు. గుట్కా, పాన్, కాఫీ, సిగరెట్టు అప్పటికి గంట ముందే ఆపాలి. తలలో మల్లెలు, ఒంటికి సెంటు ఉంటే పక్కవాళ్ల ముక్కు కూడా పనిచేయదు. ఒక రుచికీ ఇంకో రుచికీ మధ్య గోరువెచ్చని నీళ్లతో నోరు పుక్కిలించి రెండు బొరుగులు నమలండి. పక్కన ఒక బొక్కెన పెట్టండి. షుగరు ఉన్నవాళ్లు తేనెను ఉమ్మేయవచ్చు, నాలుకకు తెలియాల్సింది తెలుస్తుంది. రంజాన్ నెలలో ఈ కూటాన్ని ఆపండి, లేదా ఇఫ్తార్ అయ్యాక పెట్టండి. ఉపవాసం ఉన్న తోటివాడిని బల్ల పక్కన నిలబెట్టడం మర్యాద కాదు. శివరాత్రికి, ఏకాదశికి కూడా ఇదే మాట.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం: చిన్నవాడు ముందు మాట్లాడాలి, యజమాని చివర మాట్లాడాలి. మన అంగళ్లలో శెట్టి నోరు విప్పితే మిగతావాళ్లంతా తలాడిస్తారు. "రెండోది బాగుంది" అని ఆయన అన్నాక ఇంకెవరికీ మూడోది బాగుండదు. అందుకే ముందు రాయడం, తరువాత చదవడం, ఆ తరువాతే మాట్లాడటం. రాయడం రానివాళ్లు ఉంటే ఆ పక్కనున్నవాళ్ల చెవిలో చెప్పి రాయించుకోవచ్చు. మూటలు మోసే మనిషి మాట కూడా పుస్తకంలోకి ఎక్కాలి. పంట కొత్తదో పాతదో మూట దించేటప్పుడే వాసన పట్టగలిగినవాళ్లు ఆ పనిలో ఉంటారు.

పుస్తకం అంటే మామూలు పొడుగు నోటుబుక్కే. తేదీ, గిన్నె అంకె, వాసన, మొదట తగిలిన రుచి, మింగాకో ఉమ్మాకో మిగిలిన రుచి, ఎలాంటి ఇంటికి బాగుంటుంది. ఒక వరుస ఇలా ఉండవచ్చు: "గిన్నె 2. లేత పొగ వాసన. ముందు తీపి, గొంతులో కొంచెం జివ్వుమంది. చివర వగరు. పాలలో కంటే రొట్టెలోకి బాగుంటుంది." 1980లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ అనే శాస్త్రవేత్త వైన్ వాసనలకు ఒక చక్రం గీసింది. ఇంట్లో, తోటలో, వంటింట్లో అందరికీ తెలిసిన వాసనల పేర్లే అందులో ఉంటాయి. మనమూ మన పేర్లే రాయాలి: ఇప్పపూవు, బెల్లపు పాకం, తడిసిన మట్టి, వేపపూత, ముక్కిపోయిన గోతం. కమ్మన, వగరు, ఘాటు, చిరుచేదు, కమురు, మాగిన వాసన ఇవన్నీ మన నోట్లో ఇప్పటికే ఉన్నాయి. అంగడికి "సూపర్", "బెస్ట్ క్వాలిటీ" అనే మాటలు ఎందుకు?

ఇదంతా పెద్ద నగరాల సంగతని కొందరు అనుకోవచ్చు. మన రాష్ట్రంలోనే అరకు కొండల కాఫీ ఈ దారిలో నడిచింది. కాఫీ రుచి చూసేవాళ్లు పొడిని గిన్నెల్లో వేసి, వేడినీళ్లు పోసి, నాలుగు నిమిషాలు ఆగి, పైన కట్టిన పొరను చెంచాతో విరిచి వాసన పడతారు. తరువాత చెంచాతో జుర్రుమని పీల్చి ఉమ్మేస్తారు. గిన్నెలో తేలిన లోపం గింజలు ఆరబెట్టిన కల్లం దాకా తిరిగి వెళుతుంది, అక్కడ దిద్దుకుంటారు. అలా దిద్దుకున్న గిరిజన రైతుల కాఫీకి 2017లో పారిస్‌లో సొంత దుకాణం వచ్చింది.

రేపటి నుంచి

యజమానులకు ఒక మాట. పావు కేజీ తేనె, మూడు గిన్నెల అన్నం, ఒక నోటుబుక్కు, అరగంట. వారానికి ఇంతకు మించి ఖర్చు లేదు. ఆ అరగంటలో పనివాడు "ఈ సరుకు బాగాలేదు శెట్టీ" అంటే కోప్పడకండి. అతను మీ అంగడి పేరును కాపాడుతున్నాడు. ఆ మూటను వెనక్కి పంపండి, పంపారని అతనికి చెప్పండి. అది చూశాక అతను కౌంటరులో నిలబడే తీరే మారుతుంది.

పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో మాట. యజమాని మొదలుపెట్టేదాకా ఆగకండి. శివరాత్రి, ఉగాది రోజుల్లో ఆత్మకూరు మీదుగా వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు కాలిదారిలో శ్రీశైలం నడిచే భక్తుల్లో కన్నడం మాట్లాడేవాళ్లు ఎంతోమంది ఉంటారు. వాళ్లకు మీ తెలుగు గ్యారంటీ అర్థం కాదు, చెంచాతో మీరు అందించే రుచి, దాని పక్కన మీరు నమ్మకంగా చెప్పే నాలుగు ముక్కలు అర్థమవుతాయి. ఆ నాలుగు ముక్కలు వాళ్ల భాషలో కూడా నేర్చుకోండి. ఈ మంగళవారం అంగడి తెరిచేముందు యజమానిని అడిగి, మూడు చెంచాల తేనె, ఒక నోటుబుక్కు తీసుకుని ఇద్దరితోనైనా సరే మొదలుపెట్టండి.